ఒకే గదిలో ఒకరికి ఉక్క, ఒకరికి చలి

రోహిణి కార్తెలో బెజవాడ ఇళ్లలో ఏసీ రిమోట్ దగ్గర రోజూ ఒకటే పేచీ. ఒకరు 20 పెట్టమంటారు, పక్కవాళ్లు దుప్పటి లాక్కుంటారు. ఎవరిదీ నటన కాదు. కండ ఎక్కువున్న ఒంట్లో ఊరికే కూర్చున్నా వేడి ఎక్కువ పుడుతుంది, బక్కపలచని ఒంట్లోంచి వేడి త్వరగా జారిపోతుంది. 26 దగ్గర పెట్టి, ఉక్కపోసేవాళ్ల వైపు టేబుల్ ఫ్యాన్ తిప్పడం మేలు.

అసలు తేడా అలవాటుది. రోజూ వేడిలో పనిచేస్తే 7 నుంచి 14 రోజుల్లో ఒళ్లు మారుతుంది: చెమట ముందే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె దడ తగ్గుతుంది. అందుకే గుంటూరు మిర్చి యార్డులో కొత్తగా బస్తాలు మోసే మనిషికి తొలిరోజే పూర్తి పని చెప్పకూడదు. ఐదో వంతుతో మొదలుపెట్టి, రోజుకు మరో వంతు పెంచాలి. నెల్లాళ్లు ఏసీలో గడిపితే ఆ అలవాటు చాలావరకు పోతుంది.

పెద్దవాళ్ల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. వాళ్లకు దాహం సరిగా తెలియదు, చెమటా తక్కువే. అడిగేదాకా ఆగకుండా మజ్జిగో నీళ్లో ఇస్తూ ఉండాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నా, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వాడుతున్నా ఎంత తాగాలో డాక్టర్నే అడగాలి. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును గ్లాసుడు నీళ్లలో కలపొద్దు, ఉప్పు మోతాదు మించిపోతుంది. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ: 108కి ఫోన్ చేసి, నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి విసరాలి.

ఇంతకుముందు లేని చలి కొత్తగా పట్టుకుంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించాలి. ఎండ ఉన్నట్టుండి భరించలేకపోయినా థైరాయిడ్ చూపించుకోవాలి.