పేరు కప్పేసి దిద్దిన పేపర్

చైనా వాళ్లు ప్రపంచానికి ఏమిచ్చారంటే కాగితం, ముద్రణ, దిక్సూచి, తుపాకీమందు అని గడగడా చెప్పేస్తాం. నన్నడిగితే ఆ లిస్టులో ఇంకోటి కచ్చితంగా చేర్చాలి: పరీక్ష పేపర్ మీద రాసినవాడి పేరు కప్పేసి, దాన్ని వేరే గుమస్తాల చేత తిరగరాయించి, ఆ నకలునే దిద్దేవాళ్లకి ఇవ్వడం.

దీని వెనక ఉన్నది భయమే. 960లో సాంగ్ వంశాన్ని స్థాపించిన తైజు స్వయంగా సేనాధిపతి, సైనికులే అతనికి పసుపు వస్త్రం కప్పి చక్రవర్తిని చేశారు. రేపు ఇంకో సేనాధిపతికీ అలాగే కప్పరన్న గ్యారంటీ ఏముంది? అందుకే తన సేనానులను విందుకి పిలిచి, భూములూ డబ్బూ ఇస్తాను, హాయిగా ఇంట్లో ఉండండని ఒప్పించి పంపేశాడు. పాలన చదువుకున్నవాళ్ల చేతుల్లో పెట్టాలనుకున్నాడు, అధికారులను ఎంచుకునే పరీక్షలో చివరి దశను 973లో రాజభవనంలో తనే దగ్గరుండి పెట్టాడు.

అంతకుముందు తాంగ్ వంశం కాలంలోనూ పరీక్షలుండేవి, కానీ అభ్యర్థులు తమ రచనలు పట్టుకుని పెద్దల ఇళ్ల చుట్టూ తిరిగేవాళ్లు, ఎవరి పేపరో దిద్దేవాడికి తెలిసేది. సాంగ్ వాళ్లు 992లో రాజభవన పరీక్షలో పేర్లు కప్పారు. సరే, పేరు కప్పితే చేతిరాత ఏం చేస్తారు? శిష్యుడి రాత గురువుకి తెలియదా! 1015లో దానికీ మందు కనిపెట్టారు, పేపర్లన్నీ తిరగరాయడానికి ప్రత్యేకంగా ఒక ఆఫీసే పెట్టారు. నకలులో తప్పులు దొర్లాయేమో అసలుతో సరిచూసే పని ఇంకో జట్టుది. ఒక్క సిఫార్సును ఆపడానికి ఇంతమంది గుమస్తాలకి జీతాలిచ్చిన ప్రభుత్వం అంటే నాకు నిజంగా గౌరవం.

1057లో ఇది ఎలా పనిచేసిందో చూడండి. ముఖ్య పరీక్షాధికారి ఓయాంగ్ షియూ, అప్పటికే పెద్ద పేరున్న రచయిత. ఆయన్నీ తోటి అధికారుల్నీ దాదాపు 50 రోజులు లోపల పెట్టి తాళం వేశారు. వాళ్లు అక్కడే పేపర్లు దిద్దుతూ, ఖాళీ దొరికితే ఒకరికొకరు కవితలు రాసుకున్నారు. ఒక పేపర్ ఆయనకి తెగ నచ్చింది, మొదటి స్థానం ఇవ్వాల్సిందే. కానీ ఇంత బాగా రాసింది తన శిష్యుడు త్సెంగ్ గోంగే అయ్యుంటాడని, పక్షపాతం చూపాడంటారని, రెండో స్థానంలో పెట్టాడు. తీరా పేర్లు విప్పితే అది సిచువాన్ నుంచి తండ్రితో, తమ్ముడితో కలిసి వచ్చిన 20 ఏళ్ల సూ షీది, తర్వాత చైనా నెత్తిన పెట్టుకున్న కవి! ఆ పేపర్లో, ఒక నేరస్థుణ్ణి చంపాలని న్యాయాధికారి మూడుసార్లంటే ప్రాచీన చక్రవర్తి యావ్ మూడుసార్లూ క్షమించమన్నాడని ఒక ఉదంతం రాశాడు. ఇది ఏ గ్రంథంలో ఉందయ్యా అని తర్వాత అడిగితే, అలాగే జరిగి ఉంటుందనుకున్నానన్నాడట.

ఆ ఏడాది, అప్పట్లో ఫ్యాషన్‌గా నడుస్తున్న వంకర టింకర శైలిలో రాసినవాళ్లని ఓయాంగ్ ఫెయిల్ చేశాడు. వాళ్లంతా వీధిలో ఆయన గుర్రాన్ని చుట్టుముట్టి గొడవ చేశారు, కాపలావాళ్లు కూడా ఆపలేకపోయారు. ఆయన మాత్రం ఫలితం మార్చలేదు.

ఇదంతా చదివి అక్కడ సమానత్వం పండిందనుకోకండి. ఆడవాళ్లకి ఈ పరీక్షలోకి అడుగుపెట్టే దారే లేదు. పెద్ద అధికారుల కొడుకులకి పరీక్షతో పని లేకుండా పదవులిచ్చే పద్ధతి పక్కనే నడిచింది, అది నాకు మింగుడుపడదు. ఏళ్ల తరబడి చదువుకునే తీరిక కూడా పొలం ఉన్నవాడికే దొరికేది. అయినా పరీక్ష గదిలోకి వచ్చిన ప్రతివాడి పేపర్నీ ఒకేలా చూడాలన్న పట్టుదల 11వ శతాబ్దంలో ఇంకెక్కడుంది? ఈస్టిండియా కంపెనీలో సిఫార్సు మీద ఉద్యోగాలిచ్చే పద్ధతి తీసేసి 1855లో లండన్‌లో పోటీ పరీక్ష మొదలుపెట్టే ముందు అక్కడి చర్చల్లో చైనా ఊసు వచ్చింది, మన సివిల్స్‌కి మూలం ఆ పరీక్షే. గ్రూప్స్‌కి చదువుతున్న మన పిల్లలు పేపర్ లీకైందన్న వార్త వచ్చినప్పుడల్లా పడే టెన్షన్ చూస్తుంటే, ఆ తిరగరాసే ఆఫీసుకి పెట్టిన ఖర్చులో ఒక్క పైసా కూడా వృథా కాదనిపిస్తుంది నాకు.