గడప దాటేదాకానే అడుగుతారు

పోయిన నెల గుమ్మిడిపూండిలో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళొచ్చాం. నెల్లూరులో బస్సెక్కితే నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ, అది దాటి ఆరంబాక్కం వచ్చేసరికి బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. పిన్ని మాత్రం ఏం మారలేదు, "ఏంది అబ్బయ్యా, ఇంతగా చిక్కిపోయినావే" అంటానే ఎదురొచ్చింది. ఆమె మనవడు తొమ్మిదో తరగతి. మా చెల్లెలి కూతురి శుభలేఖ వాడి చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ నాకే ఇచ్చాడు. ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడతాడు, అక్షరం ముక్క రాదు.

వాణ్ణి అనడానికేం లేదు. తమిళనాడులో 2006 చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది, ఏడాదికో తరగతి పెరుగుతూ 2015-16కి పదో తరగతిదాకా వచ్చింది. అక్కడ బతికేవాళ్ళు తమిళం నేర్చుకోవాల్సిందే, దాంతో నాకు పేచీ లేదు (తడలో ఉండే తమిళం వాళ్ళు తెలుగు నేర్చుకోవాలని మనం మాత్రం అనమా?). తెలుగు చదవొద్దని కూడా ఆ చట్టం చెప్పలేదు. కానీ తప్పనిసరి కాని దానికి ట్యూషన్లతో తలమునకలైన పిల్లాడి దగ్గర టైం ఎక్కడుంది?

తిరిగొచ్చే బస్సులో మావాడు, సివిల్స్‌కి చదువుతున్నాడు లెండి, యూరోపియన్ యూనియన్ సంగతి ఎత్తుకున్నాడు. కొత్త దేశాలు చేరాలంటే ఏమేం ఉండాలో 1993లో కోపెన్‌హాగన్‌లో రాసుకున్నారట, అందులో మైనారిటీల రక్షణ కూడా ఒకటి. అది ఉత్త కాగితం మాట కూడా కాదు. 1999లో చెక్ దేశంలో ఊస్తీ నాద్ లాబెమ్ అనే ఊళ్ళో రోమా అనే మైనారిటీ జనం కుటుంబాలున్న ఇళ్ళకీ ఎదుటివాళ్ళ ఇళ్ళకీ మధ్య గోడ కట్టారు. అప్పటికి ఆ దేశం యూనియన్ వాకిట్లో నిలబడి ఉంది, అందరూ ముక్కున వేలేసుకునేసరికి ఆరేడు వారాల్లో ఆ గోడ పడగొట్టారు. బాగానే ఉంది కదా అన్నాను.

అప్పుడు వాడు స్లొవేనియా గురించి చెప్పాడు. 1992లో ఆ దేశం పాత యుగోస్లావియాలోని వేరే రిపబ్లిక్‌ల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళని, ఆరు నెలల్లోపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టలేదన్న కారణంతో, శాశ్వత నివాసుల రిజిస్టర్లో నుంచి చడీచప్పుడు లేకుండా కొట్టేసింది. 25,000 మందికి పైగా. నిన్నటిదాకా ఉద్యోగం, ఇల్లు, పెన్షన్ ఉన్న మనిషి ఒక్కసారిగా లెక్కలో లేకుండా పోయాడు. వాళ్ళ హోదా తిరిగిచ్చే చట్టం మీద 2004 ఏప్రిల్లో ఓటింగ్ పెడితే వచ్చినవాళ్ళే తక్కువ, వచ్చినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా వద్దన్నారు. సరిగ్గా ఆ మరుసటి నెల, మే 1న, స్లొవేనియా యూనియన్‌లో చేరిపోయింది! ఆ బాధితులకి న్యాయం కావాలంటే 2012దాకా ఆగి స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టు తీర్పు తెచ్చుకోవాల్సి వచ్చింది, అది యూనియన్ కోర్టు కూడా కాదు.

పెళ్ళికి ముందు అన్నీ ఆరా తీసి, కోడలు ఇంట్లోకొచ్చాక ఎట్లా ఉందో ఎవరూ అడగనట్టుంది వీళ్ళ వరస. పైగా ఇంట్లో పెద్దవాళ్ళని ఆ ప్రశ్నలే అడగరు. మైనారిటీ భాషల చార్టర్ మీద 1999లో సంతకం పెట్టిన ఫ్రాన్స్ ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. లిస్బన్ ఒప్పందంతో 2009లో మైనారిటీల హక్కులన్న మాట యూనియన్ మూల ఒప్పందంలోకి ఎక్కింది, మంచిదే. కానీ మా భాషలకి, సంస్కృతికి చట్టాలు చేయండని 11 లక్షలకి పైగా జనం సంతకాలు పెట్టి ఇస్తే, కొత్త చట్టాలు అక్కర్లేదని 2021 జనవరిలో యూనియన్ పాలన చూసే కమిషన్ తేల్చేసింది.

మనకి ఆ మాట అనే హక్కుందా అంటే, కాస్త తటపటాయించాలి. 1956లో రాష్ట్రాలని భాషల లెక్కన విడగొట్టినప్పుడు, గీతకి అవతల చిక్కుకునేవాళ్ళ కోసమే రాజ్యాంగంలో 350ఎ, 350బి అధికరణాలు పెట్టారు. పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలనేది మొదటిది. రెండోది ఒక ప్రత్యేక అధికారి. ఆయన విచారించి రాష్ట్రపతికి రిపోర్టు ఇస్తాడు, అంతే, ఏ బడికీ టీచర్ని వేసే అధికారం ఆయనకి లేదు. ఆ తర్వాత 1960లో తిరుత్తణి అటు పోయింది, పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల్లో కొన్ని ఊళ్ళు ఇటొచ్చాయి. ఎవరిల్లు అక్కడే ఉంది, మైనారిటీ ఎవరనేది మాత్రం మారిపోయింది.

నిన్న పిన్ని వీడియో కాల్ చేసింది. మనవడికి రోజూ రాత్రి అన్నాలయ్యాక నాలుగక్షరాలు నేర్పిస్తోందట. వాడు పలకలాగా ఒక అట్టముక్క పట్టుకుని "ళ" రాసి చూపించాడు. ఇది తమిళంలో కూడా ఉంది కాబట్టి ఈజీ అన్నాడు. ఆ వెంటనే, "మీ తెలుగులో ఇంకెన్ని ఉన్నాయి పెదనాన్నా?" అన్నాడు. పిన్ని ఫోను తనవైపు తిప్పుకుని, "మీ తెలుగంట, విన్నావా" అంది.