పాడే ముందు సారీ ఎందుకు?

నేను దక్షిణ కొరియాలో ఉద్యోగం చేస్తున్నాను. టీమ్ డిన్నర్ ముగిశాక అందరం నోరెబాంగ్‌కి, అంటే ఇక్కడి కరావోకే పాటల గదికి వెళ్ళాం. నా వంతు రాగానే మైకు పట్టుకుని, "సారీ, నాకు సరిగ్గా పాడటం రాదు" అన్నాను. మా మేనేజరు గారు రిమోట్ అందుకుని పాట ఆపేశారు. ఆఫీసులో ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. అప్పుడు కూడా పెంచలేదు కానీ, "ఆ మాట ఇంకెప్పుడూ అనకు. నువ్వే సారీ చెప్పి పాడితే, నీకన్నా అధ్వాన్నంగా పాడే నేను మైకు ఎలా పట్టుకోవాలి?" అన్నారు. పాట మళ్ళీ మొదటినుంచి పెట్టారు. పాడాను, అందరూ టాంబొరిన్లు వాయించారు, రాత్రి గడిచిపోయింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

నేను ఆ సారీ మర్యాదకే చెప్పాను. మన దగ్గర ఎవరైనా అలాగే మొదలుపెడతారు కదా. "గొంతు బాగాలేదండీ", "ప్రాక్టీసు లేదండీ", "ఏదో వచ్చినంత" అనకుండా పాట ఎత్తుకున్న మనిషిని నేను చూడలేదు. అలా అనకపోతే పొగరనుకుంటారు. ఆవిడకి ఇదంతా చెబుదామనుకున్నాను. కానీ మర్యాద అనుకుని నేనన్న మాట పక్కవాళ్ళ నోరు నొక్కేస్తుందని ఆవిడ అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. పద్యం అంటే చెవి కోసుకునే ఊరు. మా తాతయ్య తరంలో నాటకం చూడ్డానికి వెళ్ళినవాళ్ళు రాగం బాగుంటే "వన్స్ మోర్" అని అరిచి అదే పద్యాన్ని మళ్ళీ పాడించేవాళ్ళు, అపస్వరం పడితే అక్కడికక్కడే ముఖం చిట్లించేవాళ్ళు. ఆ చెవి ఉండబట్టే అంత గొప్ప గొంతులు పుట్టాయని ఇప్పటికీ నా నమ్మకం. 1996లో బాలు గారు ఈటీవీలో పిల్లల చేత పాడించడం మొదలుపెట్టినప్పటినుంచి మా ఇంట్లో అందరికీ శ్రుతి, లయ, సంగతి అన్న మాటలు నోటికొచ్చేశాయి. బాలు గారు తప్పు చెప్పినా ఆ పిల్ల ఏడవకుండా చెప్పేవారు. ఇళ్ళల్లో మాకు ఆయన చెవి కొంచెం అబ్బింది, ఆ ఓర్పు అబ్బలేదు. శాస్త్రీయ సంగీతం గురువు దగ్గర కూర్చుని నేర్చుకోని మనిషి, ఇంజనీరింగులో చేరిన కుర్రాడు, శంకరాభరణం పాటలకి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. ఆయన్ని చూసైనా "నీకెందుకే పాట" అన్న మాట మన ఇళ్ళల్లో ఆగిపోవాల్సింది.

ఇక్కడ పాటల గదులు 1991లో బుసాన్‌లో మొదలై దేశమంతా పాకిపోయాయి. నేను ఎక్కువగా వెళ్ళేది కాయిన్ నోరెబాంగ్‌కి. సువోన్‌లో మా వీధి చివరే ఉంది. ఇద్దరు పట్టే గది, వెయ్యి వాన్‌ల నోటు పెడితే రెండు మూడు పాటలు. సాయంత్రం యూనిఫాంలో ఉన్న స్కూలు పిల్లలు, మెడలో కార్డు తీయని ఆఫీసు వాళ్ళు, ఒంటరిగా వచ్చి రెండు పాటలు పాడుకుని బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోతారు. ఎవరూ ఎవరి తలుపు వైపూ చూడరు.

కొరియన్ పాట మన నోటికి ఎక్కడ ఎదురు తిరుగుతుందో పాడితేగానీ తెలియదు. మనకి మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, పాటలో ఆ అచ్చుని ఎంతసేపైనా సాగదీస్తాం. కొరియన్‌లో మాట చివర 'క్', 'ప్', 'త్' దగ్గర నోరు మూసేయాలి, గాలి బయటికి రాకూడదు. నా నోరు అలవాటుగా చివర ఒక 'ఉ' చేర్చేస్తుంది, దాంతో లైనుకి ఒక అక్షరం ఎక్కువై తాళం జారిపోతుంది. రెండోది గమకం. బల్లాడ్‌లో, అంటే నిదానంగా సాగే పాటలో, పొడుగు స్వరం మీద నిటారుగా నిలబడాలి, ఊపు చివర్లోనే రావాలి. నా గొంతు మధ్యలోనే ఊగుతుంది. మా టీములో ఒక అమ్మాయి ఇది విని, "అది తీసేయకు, బాగుంది" అంది. తీసేద్దామనే ఎన్ని సాయంత్రాలు కష్టపడ్డానో!

వారాంతాల్లో ఈ సాధన నాతో పాటే ప్రయాణం చేస్తుంది. దగ్గర్లోనే హ్వాసోంగ్ కోట ఉంది. జోంగ్జో రాజు 1794 నుంచి 1796 దాకా కట్టించాడు. అంతకు ముందే, బియ్యప్పెట్టెలో బంధించగా చనిపోయిన తన తండ్రి సమాధిని ఈ ప్రాంతానికి తెచ్చుకున్నాడు. గోడ చుట్టుకొలత దాదాపు 5.7 కిలోమీటర్లు. ఒక చుట్టు తిరిగితే నాలుగైదు పాటలు నెమరేసుకోవచ్చు. ఇంకొంచెం దూరం వెళ్ళాలంటే మెట్రోలో యాంగ్సు స్టేషన్‌లో దిగి నడిస్తే దుముల్మొరి వస్తుంది. ఉత్తర హాన్, దక్షిణ హాన్ నదులు కలిసేది అక్కడే. మన దగ్గరైతే ఆ కూడలిలో శివాలయం, మెట్లు, కొబ్బరికాయల కొట్టు ఉండేవి. ఇక్కడ నాలుగు వందల ఏళ్ళ పెద్ద చెట్టు, దాని కింద కూర్చోవడానికి చోటు ఉన్నాయి.

అక్కడే పెద్దావిడలు ఓ గుంపుగా, కొండలెక్కే బట్టల్లో, నా పక్కన వచ్చి కూర్చున్నారు. నేను ఇయర్‌ఫోన్‌లో పాట వింటూ లోలోపల అనుకుంటున్నాననుకున్నాను, బయటికి వినిపిస్తూనే ఉందట. ఒకావిడ డబ్బా మూత తీసి, పొడుగ్గా తరిగిన దోసకాయ ముక్క నా చేతిలో పెట్టి, "గట్టిగా పాడు" అంది. నాకు మళ్ళీ నోటిదాకా సారీ వచ్చింది. మింగేసి పాడాను. వాళ్ళకి ఆ పాట తెలియదు, మనవల కాలపు పాట. అయినా చప్పట్లతో తాళం పట్టుకున్నారు. ఆ తర్వాత "మీ దేశం పాట?" అన్నారు. అమ్మమ్మ మంగళహారతి అందుకున్నాను. మధ్యమధ్యలో ఒకావిడ భళా, బాగుంది అన్నట్టు "ఓల్సిగు", "చోతా" అంటూ ఉంటే ఒళ్ళు జలదరించింది. పాన్సోరి అనే ఇక్కడి పాత పాట కథలు పాడేటప్పుడు డోలు వాయించే మనిషీ, కూర్చున్న జనమూ అలాగే ఊతమిస్తారని తర్వాత తెలిసింది. బుర్రకథలో వంతలు చేసే పని అక్కడ సభంతా చేస్తుంది.

అందుకే మనవాళ్ళని తక్కువ చేయబుద్ధి కాదు. మనకీ అలాంటి చోట్లు ఉండేవి. నాట్లు వేసేటప్పుడు శ్రుతి ఎవరు చూశారు? శనివారం భజనలో మా వీధి కిరాణా కొట్టాయన గొంతు ఏ స్వరంలోనూ ఉండేది కాదు, ఆయన రాకపోతే భజన మొదలయ్యేది కాదు. ఇక ఈ దేశం తీర్పులకి తక్కువేం కాదు. యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు లిజనింగ్ జరుగుతుంటే విమానాలు ఎగరడం, దిగడం కూడా ఆపేస్తారు. పాటే జీవితం అనుకున్న పిల్లలు ట్రైనీలుగా ఏళ్ళ తరబడి వడపోతకి నిలబడతారు. ఇంత కొలిచే చోట, పాడటం రానివాళ్ళ కోసం వీధికో గది మిగుల్చుకున్నారు. మనం మాత్రం గుంపులో గొంతు కలిపితే ఏమీ అనం, ఒంటరిగా పాడితే మార్కులేస్తాం. ఆడపిల్లకైతే మరీ.

ఇదంతా అమ్మకి ఫోన్‌లో చెప్పాను. అమ్మ కాసేపు విని, "నన్ను పెళ్ళిచూపుల్లో పాడమన్నారే. బాగానే పాడాననుకుంటా, సంబంధం కుదిరింది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు" అంది. ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు. పూజగదిలో కూనిరాగం విని, అమ్మకి వచ్చింది అంతే అనుకున్నాను. మా మేనేజరు గారి మాట అప్పటికి పూర్తిగా అర్థమైంది. తనకు రాదని అమ్మ ఎప్పుడూ అనలేదు. పాడబోయిన ప్రతిసారీ నేనే ఇంట్లో "నాకు రాదు" అంటుంటే, మైకులాంటిది ఆవిడ దాకా ఎలా వెళ్తుంది?

వసంతంలో అమ్మానాన్న వస్తున్నారు. చెర్రీ పూలు చూపించాలని నాన్న జాబితా రాయించుకుంటున్నాడు. అమ్మని మాత్రం మా వీధి చివరి గదికి తీసుకెళ్తానని చెప్పాను. అక్కడి యంత్రంలో తెలుగు పాటలు నాకు కనపడలేదు, ఫోన్‌లో ట్రాక్ పెట్టుకుని పాడాలి. "ఏ శ్రుతిలో ఉందో ముందే చూసిపెట్టు, పైస్థాయి ఇప్పుడు అందట్లేదు" అంది అమ్మ. రెండు మెట్లు దించిన ట్రాక్ నిన్న రాత్రే పంపాను. ఒకటి చాలు, మరీ దించావంది.