ట్యాంకరు మీద ఏ జెండా ఉన్నా

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు, మద్దిలపాలెంలోని మా ఇంటి తలుపు గాలికి ఊడిపోకుండా నేనూ మా నాన్నగారూ బల్ల అడ్డుపెట్టి గంటల తరబడి దానికి ఆనుకుని నిలబడ్డాము. మరునాడు కైలాసగిరి మీద పచ్చని ఆకు కనబడలేదు. ఆ తర్వాత పాలప్యాకెట్టు కోసం, నీళ్ల ట్యాంకరు కోసం వరుసలో నిలబడిన రోజుల్లో, ఆ సాయం ఎక్కడి నుంచి వచ్చిందని మాలో ఎవరూ అడగలేదు.

పరాయి దేశాల విపత్తులకు సంపన్న దేశాలు డబ్బు ఇవ్వాలా అన్న చర్చ విన్నప్పుడల్లా నాకు ఆ వరుసే గుర్తుకు వస్తుంది. ఇవ్వాలనే నా అభిప్రాయం. అయితే దానిని దానమనడం నాకు నచ్చదు, ఎందుకంటే భూమిని వేడెక్కించిన పొగలో పెద్ద వాటా ఎవరిదో తెలిశాక అది బాకీకే దగ్గరగా ఉంటుంది. జాతీయాదాయంలో 0.7 శాతం విదేశీ సహాయానికి కేటాయించాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే లక్ష్యం పెట్టినా, దానిని అందుకున్న దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మన దేశం మాత్రం 2023లో తుర్కియే భూకంప బాధితులకు రక్షణ బృందాలను పంపింది కానీ, 2018 కేరళ వరదలప్పుడు విదేశీ ప్రభుత్వాల సాయం వద్దన్నది. ఆత్మగౌరవం మంచిదే. కానీ ఆ వారం మా వీధిలో ఎవరిని అడిగినా, ట్యాంకరు మీద ఏ జెండా ఉన్నా బిందె ముందుకు పెట్టేవారు.