బాపు చేను మీద రేకు పుంజు

ఆదివారం. గాలి దిక్కు చూపడానికి రెండు వారాలుగా చేస్తున్న రేకు పుంజును సంచిలో పెట్టుకుని పొద్దున్నే హన్మకొండ నుంచి ఊరికి పోయాను. పోయినేడు సెప్టెంబర్‌లో బాపు పత్తికి మందు కొడుతుంటే నడుమ గాలి మర్లి, తుంపరంతా మొహానికి కొట్టి, రాత్రికల్లా వాంతులతో మంచం పట్టాడు. ఆస్పత్రిలో మూడు రోజులు. ఆయన మంచం పక్కన కూర్చున్నప్పుడే అనుకున్నాను, చేనులో గాలి చూసుకోవడానికి ఏదన్నా పెట్టాలని. ఆయనకు తెలిసింది పిడికెడు దుమ్ము పైకి చల్లి చూడటం, కళ్లంలో వడ్లు తూర్పార పట్టేటప్పుడు చూసినట్టే. కానీ దుమ్ము ఆ ఒక్క క్షణం సంగతే చెప్తుంది, పంపు వీపున వేసుకుని సాళ్ల నడుమ ఉన్న మనిషి మాటిమాటికీ వంగి దుమ్ము తీయలేడు కదా.

మొదట చేసింది తప్పింది. మా బిడ్డ పుంజే కావాలన్నదని తల, రొమ్ము పెద్దగా కోసి తోక చిన్నగా పెట్టాను. మిద్దె మీద నిలబెడితే తల పోయి గాలి పోయే దిక్కుకు తిరిగింది. ఇరుసుకు ఏ పక్క రేకు వెడల్పుంటే గాలి ఆ పక్కనే నెడుతుంది, అందుకే తోక వెడల్పుగా ఉండాలి, అప్పుడే ముక్కు గాలి వచ్చే వైపు నిలుస్తుంది. బరువు మాత్రం రెండు పక్కలా సమానంగా ఉండాలి, లేకుంటే ఒరిగి పట్టేస్తుంది. నూనె డబ్బా రేకుతో తోక మళ్లీ కోసి, ముక్కు దగ్గర రెండు నట్లు బిగించి, సైకిల్ బేరింగ్‌కు గ్రీజు పెట్టాక నోటితో ఊదినా తిరిగింది. ఎంత సంతోషమైందో!

ఏథెన్స్‌లో రెండు వేల ఏళ్ల కిందటి ఎనిమిది మూలల పాలరాతి గోపురం ఇప్పటికీ ఉంది, దాని మీద ఒకప్పుడు గాలి దిక్కు చూపే కంచు బొమ్మ ఉండేదట. యూరప్ చర్చిల మీద పుంజులుంటాయి, అందానికీ, కోడి కూయకముందే పీటర్ యేసును ఎరగనన్న కథను గుర్తుచేయడానికీ.

మనం మాత్రం నిలకడ లేనివాణ్ని గాలివాటం మనిషి అంటాం. ఈ పుంజును అట్లా అంటే నేనొప్పుకోను. ఇది గాలితో పాటు కొట్టుకుపోదు, ఉన్నచోటే ఉండి గాలికి ఎదురుగా మొహం పెడుతుంది. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేదే, ఇదీ అటే చూస్తుంది.

మోటారు గది మీద పైపు పాతి, ఫోన్లో కంపాస్ చూసి నాలుగు కడ్డీలకు తూ, ప, ఉ, ద అని ఎర్ర పెయింట్‌తో రాశాను. వరంగల్ ఖిల్లాలో నాలుగు దిక్కులా నిలబడ్డ తోరణాలు గుర్తొచ్చాయి. బాపు కింద నిలబడి "ద కొంచెం వంకర పోయింది" అన్నాడు, సరిచేశాను.

నాలుగింటికి ఉత్తరాన మబ్బు లేచింది. బాపు పంపులో నీళ్లు పోస్తూ తలెత్తి చూశాడు. పొద్దుటి నుంచి పడమర చూస్తున్న పుంజు ఉత్తరానికి తిరిగి వణుకుతోంది.

"గాలి మర్లింది బిడ్డా, ఇగ రేపు పొద్దుగాల కొడతా" అని పంపులో నీళ్లు గట్టున గుమ్మరించాడు. మందు డబ్బా మూత ఇంకా తీయనేలేదు.