డబుల్ హోస్ రెగ్యులేటర్ నా వీపుకు కుదిరిన తీరు

కృష్ణపట్నం వైపు ఓడల అడుగు భాగాలు చూసే డైవింగ్ పనిలో ఉన్నాను. సిలిండర్‌లోని గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించేది రెగ్యులేటర్. డ్యూటీలో వాడేదంతా ఒకే గొట్టం ఉండే సింగిల్ హోస్ రెగ్యులేటరే. రిటైరైన ఒక పెద్ద డైవర్, నేను మామా అని పిలిచే ఆయన, ఆక్వా మాస్టర్ అనే తన పాత రెండు గొట్టాల (డబుల్ హోస్) రెగ్యులేటర్ నాకిచ్చాడు. దాంతో హాయిగా నీళ్లలో తిరగాలని పట్టుదల పట్టింది.

సముద్ర పరిశోధకుడు కూస్తో, ఇంజనీరు గాన్యాన్ 1943లో ఫ్రాన్సులో తయారు చేసిన రెగ్యులేటర్ వంశమే ఇది. యంత్రమంతా వీపు వెనక, సిలిండర్ తలమీద ఒక గుండ్రటి డబ్బాలో ఉంటుంది. కుడి భుజం మీది గొట్టంలో గాలి వస్తుంది, వదిలిన గాలి ఎడమ గొట్టంలో వెనక్కి పోతుంది. ముఖం ముందు బుడగలు లేవవు. చూపుకు అడ్డమే ఉండదు. నాకు దీని మీద ఇష్టమంతా అందుకే.

ముందు లోపలి పని. ఎండి పగిలిన రబ్బరు గొట్టాలు తీసేసి సిలికాన్‌వి తెప్పించాను. డయాఫ్రమ్ (నీటి ఒత్తిడికి వంగే పల్చటి రబ్బరు బిళ్ల), డక్‌బిల్ వాల్వు (వదిలిన గాలిని బయటికి పంపే రబ్బరు వాల్వు), నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌లోని రెండు చిన్న వాల్వులు కొత్తవి వేశాం. ఆ చిన్న వాల్వులు లేకపోతే మౌత్‌పీస్ నోట్లోంచి జారగానే గొట్టాలు నీళ్లతో నిండిపోతాయి. సిలిండర్ గాలి ఒత్తిడిని మొదట తగ్గించే భాగం మొదటి స్టేజి. దాని ప్రెషర్‌ని గేజి పెట్టి 110 పి.ఎస్.ఐ. దగ్గర నిలిపాం. ముల్లు అక్కడ ఆగకుండా పైకి పాకుతుంటే వాల్వు మూసుకునే చోటు, అంటే సీటు, అరిగిందన్నమాట. మాది కదల్లేదు. గాలి వాల్వును తెరిచే లివర్ డయాఫ్రమ్‌కి ఆనీ ఆననట్టు ఉండాలి. ఎత్తు ఎక్కువైతే గాలి ఊరికే కారిపోతుంది, తక్కువైతే అందదు.

ఉదయగిరి దగ్గర మా చెల్లెలి అత్తగారి ఊళ్లో పెద్ద వ్యవసాయ బావి ఉంది. అందులో దిగితే, బోర్లా ఈదేటప్పుడు గాలి పీల్చడం ఇంకా బరువుగానే ఉంది. స్ప్రింగ్ సర్దుదామా అన్నాను.

"దాని జోలికి పోబాకు అబ్బయ్యా. ముందు సిలిండర్ కిందికి దించు," అన్నాడు మామ.

అసలు సంగతి అక్కడుంది. డయాఫ్రమ్ తానున్న లోతులోని ఒత్తిడికే గాలి ఇస్తుంది. బోర్లా ఉన్నప్పుడు డబ్బా ఊపిరితిత్తుల కంటే పైన ఉంటుంది. ఎన్ని సెంటీమీటర్లు పైనుంటే అన్ని సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి ఎదురు పీల్చాలి. ఆ తేడాని ఏ స్ప్రింగూ తీర్చలేదు. బెల్టు వదులు చేసి, డబ్బా సరిగ్గా రెక్క ఎముకల మధ్యకు వచ్చేదాకా సిలిండర్ దించాం. భుజం పట్టీలు బిగించి వీపుకు అతుక్కునేలా చేశాం. క్లిప్పులు వదిలి గొట్టాలను మెలిక లేకుండా తిప్పి పెట్టాక మౌత్‌పీస్ ఒకవైపు లాగడం కూడా పోయింది. మళ్లీ దిగితే ఊపిరి తేలిగ్గా ఆడింది, ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

వెల్లకిలా తిరిగితే గాలి తోసుకొస్తుంది, కంగారు పడనక్కర్లేదు. మౌత్‌పీస్‌లో నీళ్లు చేరితే దాన్ని డబ్బా కంటే పైకి ఎత్తాలి, గాలి దానంతటదే వచ్చి నీళ్లను తోసేస్తుంది. నోట్లో పెట్టుకున్నాక ఎడమ భుజం కిందికి వంచి గట్టిగా ఊదితే మిగిలినవి ఎడమ గొట్టంలోంచి పోతాయి. ఇది లోతు తక్కువ చోట బాగా అలవాటు చేసుకోవాలి.

ఈ మోడల్‌కి సిలిండర్ ప్రెషర్ గేజి తగిలించే దారి లేదు, రెండో మనిషికి గాలిచ్చే ఆక్టోపస్‌కీ లేదు. దానికి వేరే అడాప్టర్ కావాలి, వెతుకుతున్నాను. అది దొరికేదాకా బావిలోనే, అదీ పక్కన మామూలు సెట్టుతో ఇంకో డైవర్ ఉంటేనే దిగుతాను.