ఫీజు కౌంటర్ ఎదురుగా కౌన్సిలర్ గది

పదకొండు దాటింది. అత్తమ్మ గదిలో లైటు ఆరింది, ఆయన ఎప్పుడో పడుకున్నారు. నాకు మాత్రం ఆ ఫారాలే కళ్లముందు తిరుగుతున్నాయి. మా కాలేజీలో పిల్లలు నింపిన ఫీడ్‌బ్యాక్ అంతా కూడి సగటు తీసే పని ఈసారి నా నెత్తిన పడింది. లెక్చరర్ల ఫారాలు ప్రతి ఏడూ ఉండేవే, వాటితో నాకు ఇబ్బంది లేదు. కానీ ఈసారి కొత్తగా, పిల్లల మనసు కష్టాలు వినే కౌన్సిలర్ మేడం మీద కూడా వాళ్ల చేత నింపించారు. నా చిరాకు అక్కడ మొదలైంది.

ఆ ఫారం ఎవరూ ఆలోచించి తయారు చేసింది కాదు. మా ఫారమే. పైన 'లెక్చరర్' అన్నచోట పెన్నుతో కొట్టేసి, 'కౌన్సిలర్' అని రాసి జిరాక్స్ తీశారు. టైముకు వస్తారా, సబ్జెక్టు మీద పట్టు ఉందా, సిలబస్ పూర్తి చేశారా, బోర్డు వాడతారా. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. మనసులో ఏదో బరువు పెట్టుకుని వచ్చిన పిల్ల ముందు కూర్చునే మనిషికి సిలబస్ ఏమిటి? పిల్లలు పాపం బుద్ధిగా మార్కులు వేశారు. సిలబస్‌కు నాలుగు వేసినవాళ్లున్నారు. ఒకమ్మాయి పైన 'ఎప్పుడూ కలవలేదు' అని రాసి, కింద అన్ని గళ్లలో మూడు వేసింది. వీటన్నిటినీ కూడి, భాగించి, దశాంశం తర్వాత రెండు అంకెలు వేసి, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ల కోసం పెట్టిన ఫైల్లో పెట్టాలట.

స్టాఫ్ రూములో ఈ మాట అంటే కామర్స్ సార్, "నవ్వుతూ మాట్లాడితే ఐదు వేస్తరు, గట్టిగా మాట్లాడితే రెండు. వాళ్లకేం తెలుసు మేడం" అన్నారు. పొద్దున నాకూ అదే అనిపించింది. ఈ వయసు పిల్లలు కౌన్సిలర్ పనిని ఏం తూచగలరు, అసలు వాళ్లను అడగడమే తప్పు అనుకున్నాను. పైగా ఆమె నాకు తెలుసు. 2025 జూలైలో సుప్రీంకోర్టు, వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలని చెప్పిన తర్వాత మా దగ్గరికి వచ్చారు. వారానికి రెండు రోజులే వస్తారు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఫోన్ వైపు చూడరు, మధ్యలో మాట అందుకోరు. అలాంటామెకు సగటు మూడు కూడా రాలేదు. నాకు బాధేసింది.

అప్పుడు మార్కులు వదిలేసి, మార్జిన్లలో రాసినవి చదవడం మొదలుపెట్టాను. 'సూచనలు' అన్న గడి చాలామంది ఖాళీగా వదిలేశారు. రాసినవాళ్లు మాత్రం పట్టి పట్టి రాశారు. 'మేడం ఉండేది మూడింటి నుంచి ఐదింటి దాక. మాకు చండూరు బస్సు నాలుగింటికే.' 'మా సార్‌కు చెప్తరేమో అని పోలేదు.' 'ఆ రూంకు పోతే ఫీజు లైన్ల నిలబడ్డోళ్లందరు చూస్తరు.'

ఆ గది ఎక్కడుందో ఇక్కడ రాయలేదు కదూ. గ్రౌండ్ ఫ్లోర్‌లో, ప్రిన్సిపాల్ గదికి, ఆఫీసుకు మధ్యన, సరిగ్గా ఫీజు కౌంటర్ ఎదురుగా. తలుపు పై సగం అద్దం. మీద పెద్ద అక్షరాల బోర్డు. ఎగ్జామ్ ఫీజు నోటిఫికేషన్ పడిందంటే లైను ఆ తలుపు దాకా వస్తుంది. లోపల ఎవరు కూర్చున్నారో, ఎవరు కళ్లు తుడుచుకుంటున్నారో లైన్లో ఉన్న ప్రతివాళ్లకూ కనబడుతుంది. మునుగోడు నుంచో కనగల్ నుంచో వచ్చే ఆడపిల్ల ఆ తలుపు తెరిస్తే, సాయంత్రం బస్సు ఎక్కేలోపు ఆమె గురించి నాలుగు కథలు తయారవుతాయి. అదే ఊరి పిల్లలు అదే బస్సులో పోతారు కాబట్టి ఆ కథలు ఇంటిదాకా కూడా పోతాయి.

డిగ్రీ చదివేటప్పటి నా హాస్టల్ రూమ్మేట్ గుర్తొచ్చింది. ఆమె గురించి ఇంతకుముందు ఎప్పుడూ రాయలేదు. మర్రిగూడ వైపు ఊరు. వాళ్ల నాన్న బత్తాయి తోట కౌలుకు చేసేవాడు. బోర్లు ఎండిపోయి అప్పులయ్యాక, సంబంధం చూశాం, చదువు చాలు అని ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. ఆమెకు ఫైనలియర్ అయ్యేదాకా ఆగాలని ఉంది. అప్పట్లో కౌన్సిలర్ అన్న ఉద్యోగమే మాకు తెలియదు. మా అందరికీ దేవుడిలాంటి లెక్చరర్ ఒకాయన ఉండేవారు. మంచిగా చెప్పేవారు, ఎవరైనా జ్వరంతో పడుకుంటే హాస్టల్‌కు మందులు పంపేవారు. ఈమె ఆయన దగ్గర ఏడ్చి చెప్పుకుంది. ఆయన అంతా విని, ధైర్యంగా ఉండు బిడ్డా అని పంపించి, అదే సాయంత్రం ఎస్టీడీ బూత్‌కు పోయి వాళ్ల మేనమామ ఇంటికి ఫోన్ చేశారు. పెద్దవాళ్లతో మాట్లాడి సర్దిచెబుదామని. మూడో రోజు పొద్దున్నే నాన్న, మేనమామ ఇద్దరూ దిగారు. "మా ఇంటి మాట బజార్ల పెడ్తవా" అన్న ఒక్క మాటే నాకు వినబడింది. ఆమె రేకు పెట్టె గొళ్లెం పడకపోతే నా చున్నీ ఇచ్చాను, దాంతో చుట్టి కట్టుకుంది. పుస్తకాలు నా మంచం కిందే ఉండిపోయాయి. పరీక్షలకు రాలేదు.

ఆ లెక్చరర్ మీద ఆ రోజుల్లో మాకు ఫారం ఇచ్చి మార్కులు వేయమని ఉంటే హాస్టలంతా ఐదుకు ఐదు వేసేది, ఆ సంఘటన ముందు రోజు వరకు. ఆ తర్వాత మాలో ఒక్కరు కూడా ఆయనకు సొంత మాట చెప్పుకోలేదు. ఆయనకు తెలివి తక్కువా? కాదు. మేమంటే ఇష్టం లేదా? ప్రాణం. చెప్పిన మాట ఆయన దగ్గర ఆగలేదు, అంతే.

డిప్లొమా చేసినప్పటి నా పాత నోట్సు తీశాను. స్టాన్లీ స్ట్రాంగ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1968లోనే చెప్పాడు: కౌన్సిలర్‌ను ఎదుటి మనిషి మూడు రకాలుగా చూస్తాడని. పని తెలిసినవాడా, నాకు నచ్చే మనిషేనా, నమ్మదగినవాడా. దాని ఆధారంగా బారక్, లక్రాస్ 1975లో 36 జతల విశేషణాలతో ఒక కొలమానం తయారు చేశారు. అందులో సిలబస్ లేదు, బోర్డు లేదు. మా పిల్లలు ఆ పేర్లు ఎన్నడూ వినలేదు, అయినా మార్జిన్లలో రాసింది ఎక్కువగా ఆ మూడోదాని గురించే. వాళ్లకేం తెలుసు అన్న కామర్స్ సార్ మాట ఇప్పుడు నాకు ఎక్కడం లేదు. అడగడం తప్పు కాదు, అడగాల్సింది అడగలేదు. వాళ్లు తక్కువ వేసింది ఆమెకు కాదు, ఆ అద్దం తలుపుకు, ఆ టైముకు, మాకు. కానీ ఫైల్లో ఎక్కేది ఆమె పేరు. అదే నాకు మింగుడు పడటం లేదు.

అయితే పూర్తిగా అటు మొగ్గలేను కూడా. ఇద్దరు పిల్లల తల్లిని. పెద్దది హైదరాబాద్‌లో ఏదైనా ప్రమాదపు ఆలోచనలో ఉంటే, కౌన్సిలర్‌కు తెలిసి నాకు చెప్పకపోతే ఊరుకుంటానా? ఇందాక దానికే ఫోన్ చేసి అడిగాను, మీ దగ్గర ఎవరైనా కౌన్సిలర్ దగ్గరికి పోతారా అని. "మస్తు మంది పోతరు మమ్మీ. ఆమె మొదటి రోజే చెప్తది, ఏది ఎవ్వరికీ చెప్పనో, ప్రాణం మీదికొస్తే ఎవరికి చెప్తనో. ముందే తెలిస్తే మనకు టెన్షన్ ఉండదు కదా" అంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉన్నదీ దాదాపు ఇదే: గోప్యత రోగి హక్కు, ఎదుటివారికి హాని జరిగేలా ఉన్నా, ప్రాణానికి ముప్పు ఉన్నా మాత్రం మినహాయింపు. చట్టం చదవని పిల్ల నాకంటే తేటగా చెప్పింది. నువ్వెప్పుడైనా వెళ్లావా అని అడగబోయి ఆగాను. చెప్పాలనుకుంటే అదే చెప్తుంది.

ఒక ఫారం మాత్రం వేరుగా తీసి పెట్టాను. దాంట్లో 'మేడం మంచిగ వింటది. నేను సప్లీలన్నీ క్లియర్ చేసిన. రూం మార్చండి' అని ఉంది. రెండుసార్లు చదివి సంతోషపడ్డాను.

రేపు సగటు ఇస్తాను, అడిగారు కాబట్టి. దాంతోపాటు ఒక లెటర్ కూడా ఇస్తాను. ఫస్ట్ ఫ్లోర్‌లో లైబ్రరీ వెనక పాత రికార్డుల గది ఖాళీగానే ఉంది. దానికి రెండు దారులున్నాయి, ఎవరు ఎందుకు పోతున్నారో ఎవరికీ తెలియదు. మేడం టైము మధ్యాహ్నం లంచ్ వేళకు మార్చాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 పోస్టర్ ఆఫీసు దగ్గర నుంచి తీసి ఆడపిల్లల వాష్‌రూమ్ లోపల అంటించాలి, అక్కడైతే ఎవరూ చూడకుండా నంబరు ఫోన్‌లో ఎక్కించుకుంటారు. ప్రిన్సిపాల్ సార్ బడ్జెట్ లేదంటారు. గదికి బడ్జెట్ అక్కర్లేదు, రికార్డులు అటు జరిపి సున్నం వేయిస్తే చాలు. తాళం అటెండర్ దగ్గరుంది. ఫ్యాను తిరుగుతుందో లేదో మాత్రం చూడాలి.